హీటరు చల్లగాలి కొడుతుంటే ముందు ఇంజను నీళ్లు చూడండి



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో బండికి హీటరు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నిజమే, చలి కాచుకునేందుకు మనకు అది అక్కరలేదు. కాని ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలవ గట్ల మీద మంచు ఎట్లా కమ్ముకుంటుందో పాల కోసం బండి తోలేవారికి తెలుసు. లోపల కూర్చున్నవారి ఊపిరి తేమ చల్లని అద్దానికి పట్టి దారి కనిపించదు. ఆ తేమను ఆరబెట్టేది హీటరు వేడిగాలి.

ఒక జనవరిలో తెనాలి నుంచి రేపల్లె వైపు తనిఖీకి జీపులో బయలుదేరాము. అద్దం మసకబారింది. హీటరు పెడితే చల్లగాలి వచ్చింది. "హీటరు లేకపోతే ఏమిటండీ, గుడ్డతో తుడుచుకుంటూ పోదాం" అన్నాడు డ్రైవరు. వేడి చూపే ముల్లు మామూలుగానే ఉన్నది. అయినా బండి ఆపించి, ఇంజను చల్లారిన తరువాత చూస్తే రేడియేటరులో నీళ్లు అడుగంటాయి. ఒక గొట్టం క్లిప్పు వదులై బొట్టు బొట్టుగా కారుతున్నది. అట్లాగే పోయి ఉంటే ఇంజను పట్టేసేది. అదే పాలబండి అయితే ఒక పూట పాలన్నీ దారిలోనే విరిగేవి.

హీటరుకు సొంత పొయ్యి లేదు. ఇంజనును చల్లబరచే నీళ్లే వేడెక్కి, డాష్‌బోర్డు వెనుక ఉన్న చిన్న రేడియేటరులోకి పోతాయి. దాని మీదుగా బ్లోయరు గాలిని తోస్తుంది. నీళ్లు తగ్గినప్పుడు తరచుగా మొదట చల్లబడేది హీటరే. నీళ్లు బాగా తగ్గితే సెన్సరుకు అవి అందక, ముల్లు సరైన వేడి చూపకపోవచ్చు. అందువల్ల ముల్లును మాత్రమే నమ్మరాదు. (విద్యుత్ బండ్లలో ఏర్పాటు వేరు.)

లోపం కనుక్కునే వరుస ఇది.

1. గాలే రాకపోతే ఫ్యూజు, బ్లోయరు మోటారు చూపించాలి. గాలి వచ్చి, అది చల్లగా ఉంటేనే కింది పరీక్షలు.

2. ఇంజను పూర్తిగా చల్లారాక కూలెంటు మట్టం చూడాలి. తగ్గితే పోయడంతో సరిపెట్టక, ఎక్కడ కారుతున్నదో వెతకాలి. కాళ్ల కింద చాప తడిసి, తీపి వాసన వస్తే లోపలి చిన్న రేడియేటరే కారుతున్నదని అనుమానించాలి.

3. కూలెంటు నిండుగా ఉండి, పదిహేను నిమిషాలు నడిపినా ముల్లు పైకి రాకపోతే థర్మోస్టాటు తెరుచుకొని ఉండిపోయి ఉండవచ్చు.

4. ఇంజను వేడెక్కాక హీటరుకు పోయే రెండు గొట్టాలను, బెల్టుకు, ఫ్యానుకు దూరంగా, గుడ్డతో తాకి చూడాలి. రెండూ వేడిగా ఉంటే లోపలి రేకు తలుపు గాని, దాని తీగ గాని చెడినట్లు. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే పూడిక గాని, మూసుకున్న వాల్వు గాని ఉన్నట్లు. రెండూ చల్లగా ఉంటే నీరు తిరగడం లేదు.

5. ఇంజనును రేజ్ చేస్తే వేడిగాలి, వదిలితే చల్లగాలి వస్తుంటే నీళ్లు తక్కువైనాయని గాని, గొట్టాలలో గాలి చిక్కిందని గాని అర్థం.

వేడి ఇంజను మీద రేడియేటరు మూత ఎప్పుడూ తీయరాదు. ఒత్తిడిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖము, చేతులు కాల్చివేస్తాయి. తీర గ్రామాల ఉప్పు బోరు నీళ్లు పోస్తే తుప్పు పట్టి గొట్టాలు పూడుకుపోతాయి. కంపెనీ చెప్పిన కూలెంటే వాడాలి.

దారిలో అద్దం లోపల తేమ పడితే ఏసీ ఉన్న బండిలో దాని గాలిని అద్దం వైపు తిప్పాలి. ఏసీ లేకపోతే కిటికీ కొంచెం దించాలి. అయినా దారి కనిపించకపోతే బండి పక్కకు తీసి ఆపాలి.

చివరిగా పాడి రైతులకు ముఖ్యమైన మాట. కూలెంటులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని విషము. తీసిన కూలెంటును పశువులు నీళ్లు తాగే చోట, కాలవలో పారబోయరాదు. పాల క్యానులో గాని, కుడితి బకెట్టులో గాని పట్టరాదు.

ఈ వ్యాసాన్ని సంఘ సమావేశంలో చదివి, పాలబండి డ్రైవర్లకు వినిపించగలరని కోరుతున్నాను.