టెహ్రాన్‌లో తీసుకున్న నిర్ణయం, జగిత్యాలలో ఎక్కిన బస్సు

ఎల్లంతకుంట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పల్లెల నుంచి వేలమంది సౌదీలో, ఖతర్‌లో, కువైట్‌లో, దుబాయిలో కష్టపడుతున్నారు. వాళ్లున్న ఒడ్డుకు ఎదురుగా, నీళ్లకు అవతల ఉన్నది ఇరాన్. ఆ దేశానికీ పాశ్చాత్య దేశాలకూ నూరేళ్లుగా నడుస్తున్న తగాదా మన గడపల దాకా ఎన్ని దారుల్లో వచ్చిందో చూడండి.

1973 డిసెంబరు 23. చమురు దేశాలు టెహ్రాన్‌లో కూర్చున్నాయి. పీపా ధర 11.65 డాలర్లని ఇరాన్ షా మహమ్మద్ రెజా పహ్లవీ ప్రకటించాడు. ఆ ఏడాది అక్టోబరు మొదట్లో అదే పీపా 3 డాలర్ల చిల్లర మాత్రమే. అమెరికా తన మనిషి అనుకున్న పాలకుడే అమెరికాకు ఆ దెబ్బ కొట్టాడు. వచ్చిపడ్డ డబ్బుతో గల్ఫ్ దేశాల్లో రోడ్లు, రేవులు, మేడలు లేచాయి. కట్టడానికి చేతులు కావాలి. ఇక్కడేమో వాన మీద ఆధారపడ్డ మెట్ట సేద్యం, ఎండిన బావులు, పెరిగిన అప్పులు. అప్పటి కరీంనగర్ జిల్లా నుంచి గల్ఫ్ బాట పడింది ఆ కాలంలోనే. కరువొక్కటే మనవాళ్లను పంపిందని చెప్పుకుంటాం గానీ, టెహ్రాన్‌లో ఆ రోజు జరిగిన నిర్ణయానికీ అందులో పెద్ద వాటా ఉంది.

చమురు కోసం భారతీయులు ఆ తీరానికి వెళ్లడం అంతకు చాలా ముందే మొదలైంది. 1908లో ఇరాన్‌లోని మస్జిద్ సులేమాన్ దగ్గర చమురు పడింది. మరుసటి ఏడు ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ పుట్టింది. ఆబాదాన్‌లో అది కట్టిన శుద్ధి కర్మాగారానికి బొంబాయి, కరాచీల నుంచి భారతీయ కార్మికులను తీసుకుపోయారు. కూలి చాలక వాళ్లు 1920లో, మళ్లీ 1922లో సమ్మె కట్టారు. రెండో సమ్మె తర్వాత చాలామందిని ఓడలెక్కించి వెనక్కి పంపేశారు. గల్ఫ్‌లో జీతం అడిగినందుకు ఇంటికి పంపించడం ఈనాటి కంపెనీలు కనిపెట్టిన పద్ధతి కాదు.

ఆ కంపెనీయే 1954లో బ్రిటిష్ పెట్రోలియంగా పేరు మార్చుకుంది. నేటి ‘బీపీ’ అదే.

ఆ పేరు మార్పు వెనక ఒక పెద్ద గాయముంది. మా చమురు మాదేనంటూ 1951లో ఇరాన్ పార్లమెంటు కంపెనీని జాతీయం చేసింది. ఆ ఏడే ప్రధాని అయినవాడు మహమ్మద్ మొసాదెగ్. ఆ ఏటి మేటి మనిషిగా అమెరికా పత్రిక ‘టైమ్’ ఆయన్నే ఎంచుకుంది. 1953 ఆగస్టు 19న అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కలిసి ఆయన్ను గద్దె దించాయి. మూడేళ్ల జైలు, ఆ తర్వాత ఇరాన్‌లోని తన పల్లె అహ్మదాబాద్‌లో గృహనిర్బంధం. 1967లో చనిపోయేదాకా ఆయనకు విడుదల లేదు. ఆ కుట్ర తమ పనేనని సీఐఏ పత్రాలు సూటిగా ఒప్పుకున్నది 2013లో, అంటే అరవై ఏళ్లకు. ఎన్నికైన నాయకుణ్ణి పరాయి దేశాలవాళ్లు పడగొట్టారన్న కోపాన్ని పక్కన పెడితే, 1979 నవంబరు 4న టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం మీదికి విద్యార్థులు ఎందుకు ఎగబడ్డారో అర్థం కాదు. అక్కడ 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు. వాళ్లూ ఎవరో కన్న బిడ్డలే.

ఆ ఏడే షాను గద్దె దించిన విప్లవానికి నిప్పంటించిన వాటిలో మన దేశం పేరూ ఉంది. 1978 జనవరి 7న ‘ఇత్తెలాఅత్’ పత్రిక ఆ విప్లవ నాయకుడు ఖొమేనీని భారతీయ మూలాలవాడని తక్కువ చేస్తూ వ్యాసం వేసింది. రెండు రోజుల్లో కోమ్ నగరం వీధుల్లోకి వచ్చింది, కాల్పులు జరిగాయి. ఖొమేనీ తాత సయ్యద్ అహ్మద్ ముసవీ పుట్టింది నిజంగానే ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ దగ్గర కింతూరులో.

1988 జూలై 3న ఇరాన్ ఎయిర్ 655 విమానం బందర్ అబ్బాస్ నుంచి దుబాయికి బయల్దేరింది. యుద్ధవిమానమని పొరబడ్డామంటూ అమెరికా నౌక విన్సెన్స్ దాన్ని కూల్చేసింది. 290 మంది చనిపోయారు. వాళ్లలో 66 మంది పిల్లలు. పదిమంది భారతీయులు. ఆ నౌక కెప్టెన్‌కు తర్వాత పతకం ఇచ్చారు. ఈ ఒక్క సంగతి ఇరానీలు ఎందుకు మరవరో వేరే చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఇరాన్ కాన్సులేట్ ఉంది. 2018 ఫిబ్రవరి 16 శుక్రవారం నాడు అప్పటి ఇరాన్ అధ్యక్షుడు హసన్ రౌహానీ మక్కా మసీదులో ప్రసంగించాడు. మూడు నెలలు గడవకముందే, మే 8న, అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఇరాన్‌తో 2015లో కుదిరిన అణు ఒప్పందం నుంచి అమెరికాను బయటికి తెచ్చాడు. అమెరికా ఆంక్షల వల్ల మరుసటి ఏడు మే నుంచి ఇరాన్ చమురు కొనడం మనమూ ఆపేశాం. అంతకుముందు మనకు ఎక్కువ చమురు అమ్మే మొదటి మూడు దేశాల్లో అదొకటి.

చమురు ధర సిరిసిల్ల మరమగ్గాల మీదా పడుతుంది. అక్కడ ఎక్కువగా నేసే పాలిస్టర్ నూలుకు ముడిసరుకు పెట్రోలియం నుంచే వస్తుంది.

ప్రపంచం వాడే చమురులో దాదాపు అయిదో వంతు దాటే హోర్ముజ్ జలసంధి ఇరుకైన చోట వెడల్పు నలభై కిలోమీటర్ల లోపే. సిరిసిల్ల నుంచి కరీంనగర్ బస్సు దారి దాదాపు అంత.

ఇరాన్, ఇజ్రాయెల్‌ల మధ్య యుద్ధం నడుస్తుండగా 2025 జూన్ 22న ఇరాన్ అణు కేంద్రాల మీద అమెరికా బాంబులు వేసింది. మరునాడు ఇరాన్ ఖతర్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరం మీదికి క్షిపణులు వదిలింది. ప్రాణనష్టం లేదు గానీ ఖతర్ గగనతలం కొన్ని గంటలు మూతపడింది. ఇరాన్, ఇజ్రాయెల్‌ల నుంచి ‘ఆపరేషన్ సింధు’ పేరుతో నాలుగు వేలకు పైగా భారతీయులను తెచ్చుకున్నాం. అది మంచి పని. లేబర్ క్యాంపుల్లో ఉండే మన కూలీల విషయంలోనూ అంతే ముందుచూపు కావాలి. ఎవరు ఏ దేశంలో, ఏ క్యాంపులో ఉన్నారో చెప్పే జాబితా మండలం వారీగా ప్రభుత్వం చేతిలో ఉండాలి. ఆజాద్ వీసా మీద, అంటే ఫలానా యజమాని దగ్గర పని ఖాయం కాకుండా వెళ్లినవాళ్ల పేర్లూ, వీసా గడువు దాటిపోయినవాళ్ల పేర్లూ అందులో చేరాలి.