కరువు పని: నోటితో అడిగితే చాలదు, రసీదు ఉండాలె

కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న నడిగడ్డలో ఉపాధి హామీని ఇప్పటికీ చాలామంది ‘కరువు పని’ అనే అంటారు. జోగుళాంబ గద్వాల జిల్లాలోని ధరూర్ మండలం ఈ నడిగడ్డలోదే. జూరాల ప్రాజెక్టు పక్కనే ఉన్నా, వానను నమ్ముకున్న పొలాలు, సొంత భూమి లేని కుటుంబాలు ఇక్కడా ఉన్నాయి. పంట పనులు అయిపోయినంక వలస పోవడం పాలమూరుకు కొత్త కాదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటే కూలి, పని గంటలు ఆయన చెప్పినట్టే. ఆ అడ్వాన్సు తీసుకోకముందే ఊళ్లో పని దొరికితేనే ఈ పథకం ఉపయోగపడినట్టు.

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకాన్ని ప్రారంభించారు. మొదటి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్ కూడా ఉంది. ధరూర్ అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది.

దరఖాస్తుతోనే హక్కు మొదలు

కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలని 2005 నాటి చట్టం చెప్పింది. దరఖాస్తు పెట్టిన 15 రోజుల్లోపు పని చూపాలి. లేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం.

అయితే ఈ 15 రోజులు లెక్కపెట్టేది దరఖాస్తు తారీఖు నుంచే. “పని ఉంటే చెప్పు సార్” అని నోటితో అడిగితే ఆ తారీఖు ఎక్కడా నమోదు కాదు. భృతి అడగడానికి రుజువు కూడా ఉండదు. అందుకే గ్రామ పంచాయతీలో గానీ, మండల ఆఫీసులో గానీ రాతపూర్వకంగా అడిగి, తారీఖు వేసిన రసీదు తీసుకోవాలి. పది మంది కలిసి ఒకే దరఖాస్తు పెట్టినా చెల్లుతుంది.

కూలి ఎందుకు తగ్గుతుంది?

2025-26కు తెలంగాణలో రోజు కూలి 307 రూపాయలుగా ప్రకటించారు. కానీ చేతికొచ్చేది తవ్విన మట్టి కొలతను బట్టి. గట్టి నేలలో రోజంతా తవ్వినా కొలత తక్కువ వస్తే కూలి తగ్గుతుంది. ఎంత తవ్వితే పూర్తి కూలి పడుతుందో పొద్దున్నే అడిగి తెలుసుకోవడం మంచిది.

మస్టర్ ముగిసిన 15 రోజుల్లో డబ్బు ఖాతాలో జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం, అంటే వెయ్యి రూపాయలకు 50 పైసలు. ఇంత తక్కువ మొత్తంతో ఆలస్యం ఆగదు. జాబ్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతాల్లో పేరు ఒకేలా లేకపోయినా డబ్బు ఆగిపోవచ్చు.

తనిఖీలో మాట్లాడాలె

సామాజిక తనిఖీలను పెద్ద ఎత్తున చేపట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది. తనిఖీ బృందం ఇంటింటికీ వెళ్లి మస్టర్‌లోని పేర్లు, కూలి సరిచూస్తుంది. తర్వాత మండల ప్రజావేదికలో అందరి ముందు చదువుతారు. పని చేయనోళ్ల పేర్లు ఎక్కినా, చేసినోళ్ల హాజరు పోయినా బయటపడే చోటు అదే. అక్కడ తేలిన డబ్బు రికవరీ కాకపోతే తనిఖీ కాగితానికే మిగులుతుంది.

ఏ పనులు చేయాలో గ్రామసభలోనే ముందుగా తేల్చుకోవాలి. చెరువు పూడిక, ఫారం పాండ్లు, కందకాలు, పొలం బాటలు జాబితాలో సిద్ధంగా ఉంటే, దరఖాస్తు వచ్చిన వెంటనే పని మొదలుపెట్టొచ్చు. వలస బస్సు ఎక్కకముందే కూలీకి ఆ పని అందుతుంది.