ఆ ఒక్క టిక్కు... పెట్టొద్దు!

ఇంట్లో వైఫైకి ఒక్క పాస్‌వర్డ్ కొడితే చాలు. అదే యూనివర్సిటీ వైఫైకి లైనక్స్ ల్యాప్‌టాప్‌ను కలపాలంటే సవాలక్ష ప్రశ్నలు! విసుగొచ్చి ఒకదాన్ని దాటేస్తే పని ఇట్టే అయిపోతుంది. చిక్కల్లా అలా అయిపోవడంలోనే ఉంది.

లక్సెట్టిపేట... గోదావరి ఒడ్డున, నిర్మల్‌కీ మంచిర్యాలకీ జగిత్యాలకీ దారులు కలిసే ఊరు. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో తాలూకా కేంద్రం. 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉంది. ఇక్కడి పిల్లలకు కంప్యూటరు చదువు ఇప్పుడు దూరపు మాటేం కాదు. ఇదే ఉమ్మడి జిల్లాలోని బాసరలో 2008లోనే ఆర్జీయూకేటీ వచ్చింది. అదేనండీ, జనం ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునేది. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి ఆరేళ్ళు చదివించాలన్నది దాని ఆలోచన. ఇంటర్ తర్వాత హైదరాబాదుకో వరంగల్‌కో, ఇంకా ముందుకెళ్తే అమెరికాకో జర్మనీకో వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

అలా వెళ్ళిన ఓ అబ్బాయి ఏదో పెద్ద క్యాంపస్‌లో చేరాడనుకుందాం. చేతిలో అన్న వాడి వదిలేసిన ల్యాప్‌టాప్. విండోస్ 11 అందులో ఎక్కదు. విండోస్ 10కేమో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. సీనియర్లు ఉబుంటు వేసిచ్చారు. పైసా ఖర్చు లేదు, పాత మిషనూ చురుగ్గా నడుస్తోంది. తీరా హాస్టల్లో వైఫై మీద నొక్కితే పెద్ద ఫారం తెరుచుకుంది. అథెంటికేషన్, అనానిమస్ ఐడెంటిటీ, డొమైన్, సీఏ సర్టిఫికెట్, ఇన్నర్ అథెంటికేషన్... పాస్‌వర్డ్ గడి ఎక్కడో అడుగున ఉంది.

‘అన్నా, ఇదేంది?’

‘ఏం లేదు తమ్మీ, సర్టిఫికెట్ అక్కర్లేదని కింద ఉంది సూడు, దాంట్ల టిక్కు పెట్టు. అయితది.’

నిజంగానే అయిపోతుంది. ఆ సలహా ఇచ్చిన సీనియర్‌కి కూడా అంతకుముందు సీనియర్ చెప్పిందే అది. ఇంతకీ ఆ గడిని ఎందుకు పెట్టినట్టు?

తాళం ఒకటే... తాళాలు వేలు!

ఇంటి వైఫైలో అందరిదీ ఒకటే పాస్‌వర్డ్. గుమ్మం పక్కన ఇటుక కింద పెట్టిన తాళంచెవి లాంటిది. వేలమంది ఉండే క్యాంపస్‌లో అది కుదరదు. ఒక్కరు బయటికి చెబితే అందరికీ మార్చాలి. అందుకే అక్కడ ఎవరి యూజర్‌నేమ్ వారిది, ఎవరి పాస్‌వర్డ్ వారిది. వాటిని సరిచూసేది కారిడార్లో గోడకు తగిలించిన వైఫై పెట్టె కాదు. కంప్యూటర్ సెంటర్లో ఉండే రేడియస్ అనే సర్వర్. గోడమీది పెట్టె కేవలం గేటు దగ్గర వాచ్‌మన్. లోపల అడిగొచ్చి, సరేనంటే వదులుతుంది. 2001లో ప్రామాణికమైన 802.1ఎక్స్ అనే పద్ధతి ఇది.

దీనిమీదే కట్టింది ఎడ్యురోమ్. నెదర్లాండ్స్‌కి చెందిన క్లాస్ వీరెంగా 2002లో ఈ ఆలోచన చేశారు. ఒక యూనివర్సిటీ విద్యార్థి మరో యూనివర్సిటీకి వెళ్ళినా తన సొంత పాస్‌వర్డ్‌తోనే వైఫై వాడుకోవచ్చు. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది. మన దేశంలో ఈఆర్‌నెట్ ఇండియా చూసుకుంటుంది. ఇందులో ముచ్చటైన సంగతేంటంటే, అతిథిగా వెళ్ళిన చోట ఆ పాస్‌వర్డ్ ఎవరికీ కనిపించదు. యూజర్‌నేమ్‌లో ‘ఎట్’ గుర్తు తర్వాత ఉండే సంస్థ పేరును చూసి కవరును చేతులు మార్చుకుంటూ సొంత యూనివర్సిటీకి పంపిస్తారు. విప్పేది అక్కడే. ఫారంలో ‘అనానిమస్ ఐడెంటిటీ’ అంటే ఆ కవరు మీద రాసే చిరునామా. మనిషి పేరు లేకుండా ఊరి పేరు రాస్తే చాలు.

అడిగింది ఎవరు?

మరి కవరు అందుకునేది అసలు సర్వరేనని ల్యాప్‌టాప్‌కి తెలిసేదెలా? వైఫై పేరు చూసి నమ్మడానికి లేదు. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. క్యాంటీన్లో పక్క బెంచీ మీద కూర్చున్నవాడి బ్యాగులోని చిన్న పరికరం కూడా అదే పేరుతో పిలవొచ్చు. కరెంటాఫీసు నుంచి వచ్చానని ఎవరైనా తలుపు తడితే కార్డు చూపించమంటాం కదా. సీఏ సర్టిఫికెట్ గడి చేసేది అదే. కార్డు మీద అసలు ముద్ర ఉందో లేదో చూస్తుంది. దాని పక్కనుండే డొమైన్ గడి ఇంకో అడుగు ముందుకేసి, కార్డు మీద పేరు మనవాళ్ళదేనా అని చూస్తుంది. ముద్ర ఒక్కటీ చాలదు. పక్క ఆఫీసు కార్డు మీదా అదే ముద్ర ఉంటుంది మరి! చాలామంది ఖాళీగా వదిలేసేది ఈ డొమైన్‌నే.

టిక్కు పెట్టడమంటే, కార్డు అక్కర్లేదు ఎవరొచ్చినా తలుపు తియ్యమని ల్యాప్‌టాప్‌కి చెప్పడం. అప్పుడు పోయేది వైఫై ఒక్కటే అయితే బాధ లేదు. చాలాచోట్ల అదే పాస్‌వర్డ్‌తో ఈమెయిల్, మార్కులు, ఫీజుల పేజీ తెరుచుకుంటాయి. పాస్‌వర్డ్ రహస్య భాషలోనే వెళ్తుంది కదా అనుకుంటారేమో. ఎక్కువ క్యాంపస్‌లలో వాడే ఎంఎస్‌చాప్ వీ2 అనే ఆ పద్ధతి గుట్టు 2012లోనే రట్టయింది. దొరికిన సంభాషణను ఒక్క రోజులోపే విప్పొచ్చని మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ అమెరికాలో జరిగిన డెఫ్‌కాన్ సదస్సులో చూపించారు. ఇక కాపాడేది బయటి కవరు ఒక్కటే. ఆ కవరు నకిలీ సర్వర్ చేతికే ఇస్తే ఇంకేముంది?

మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న

న్యాయంగా చెప్పుకోవాలంటే తప్పంతా విద్యార్థులదే కాదు. అన్నీ సరిగ్గా నింపినా ఒక్కోసారి లైనక్స్ పాస్‌వర్డ్ మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ కొడితే మళ్ళీ అడుగుతుంది. కారణం మాత్రం చెప్పదు. యూజర్‌నేమ్‌లో ‘ఎట్’ తర్వాతి భాగం మర్చిపోయినా అంతే, పీఈఏపీ ఉండాల్సిన చోట టీటీఎల్ఎస్ ఎంచుకున్నా అంతే. పాత ల్యాప్‌టాప్‌లలో మరో తమాషా. లోపలి బటన్ సెల్ అయిపోయి తేదీ ఎప్పటిదో చూపిస్తుంటుంది. అప్పుడు సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదని ల్యాప్‌టాప్ భ్రమపడుతుంది. తేదీ సరిచేసుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి తేదీ సరిగ్గా ఉండాలి! చేత్తో మార్చుకోవడమే దారి.

కొన్నిసార్లు తప్పు అవతలి వైపు. 2022 ఏప్రిల్‌లో ఉబుంటు 22.04 వచ్చాక, నిన్నటిదాకా బాగా నడిచిన ల్యాప్‌టాప్‌లు కొన్ని క్యాంపస్‌లలో మొరాయించాయి. అందులోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3, పాత సర్వర్ల బలహీన పద్ధతులను ఒప్పుకోలేదు. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ భద్రత తగ్గించుకునే చిట్కాలు వెతకడం కన్నా సర్వర్‌ను మార్చమని కంప్యూటర్ సెంటర్‌ను అడగడమే సబబు.

సులువైన దారి లేదా అంటే ఉంది. ఎడ్యురోమ్‌లో ఉన్న సంస్థలకు క్యాట్ అనే వెబ్‌సైట్ ఉంది. అందులో మీ సంస్థ పేరు ఎంచుకుంటే లైనక్స్ కోసం చిన్న పైథాన్ ఫైలు దొరుకుతుంది. నడిపిస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి సర్టిఫికెట్, సర్వర్ పేరు తనే నింపేస్తుంది. నెట్టే లేనప్పుడు ఇదెలా దించుకోవాలంటారా? ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెడితే లైనక్స్ వెంటనే గుర్తుపడుతుంది. లేదంటే ఇంటి దగ్గరే దించుకుని బయల్దేరొచ్చు. సంస్థ ఎడ్యురోమ్‌లో లేకపోతే కంప్యూటర్ సెంటర్‌లో మూడు సంగతులు అడగాలి. ఏ పద్ధతి, ఏ సర్టిఫికెట్, సర్వర్ పేరేంటి అని. ‘టిక్కు పెట్టేయ్’ అని జవాబొస్తే, రాతపూర్వకంగా అడిగితే కాస్త కదలిక ఉంటుంది.

ఇప్పటికే టిక్కు పెట్టేసినవాళ్ళు సేవ్ అయిన ఆ కనెక్షన్‌ను తీసేసి కొత్తగా కలుపుకుని, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చుకోవాలి. జేబులోని ఫోన్‌నూ ఓసారి చూసుకోవాలి. గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో సర్టిఫికెట్‌ను ‘తనిఖీ చేయొద్దు’ అని ఎంచుకునే వీలునే 2020 డిసెంబరులో తీసేసింది. అంతకుముందు పాత ఫోన్‌లో అలా కలుపుకుని ఉంటే మాత్రం ఆ కనెక్షన్ ఇంకా అందులో ఉండొచ్చు.