డబ్బా రేడియో

పిల్లలూ, పళ్లరసం తాగేశాక ఖాళీ రేకుడబ్బాను ఏం చేస్తారు? పారేస్తారు, అంతేగా! 1960 ప్రాంతాల అమెరికాలో విక్టర్ పాపనెక్ అనే ఉపాధ్యాయుడు అలాంటి డబ్బాతో ఒక రేడియో తయారుచేశాడు. వస్తువుల రూపకల్పన నేర్పటం ఆయన వృత్తి. జార్జి సీగర్స్ అనే విద్యార్థి ఆయనకు సాయపడ్డాడు.

అది కరెంటూ, బ్యాటరీలూ దొరకని పల్లెల కోసం చేసినది. డబ్బాలో మైనమూ, వత్తీ ఉండేవి. వత్తి వెలిగిస్తే రేడియో పలికేది! ఎలాగంటారా? రెండు వేర్వేరు లోహాల తీగెలను రెండు కొసలా కలిపి, ఒక అతుకును వేడిచేసి, రెండోదాన్ని చల్లగా ఉంచితే, వాటిలో కొద్దిపాటి విద్యుత్తు పారుతుంది. 1821లో సీబెక్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సంగతి ఇది. చెవిలో పెట్టుకుని ఒకే ఒక స్టేషను వినటానికి ఆ కాస్త విద్యుత్తు చాలు. మైనం అయిపోతే, ఎండిన పేడ వేసినా సరే! దాని ఖరీదు తొమ్మిది సెంట్లు.

జర్మనీలోని ఉల్మ్ పట్నంలో ఒక డిజైన్ విద్యాలయంలో దీని బొమ్మలు చూపితే, వికారంగా ఉన్నదని ఆచార్యులు చాలామంది లేచిపోయారట. ఏం చెప్పను? చేతిపనుల క్లాసులో నున్నగా ఉన్నదానికే నేనూ ఎక్కువ మార్కులు వేసేవాణ్ణి! పాపనెక్ మాత్రం దానికి రంగు వేయలేదు. అలంకరణ వాడుకునేవారి హక్కు అన్నాడు. ఇండోనేషియాలో జనం దానికి గవ్వలూ, గాజుముక్కలూ, రంగుకాగితాలూ అంటించి ముచ్చటగా చేసుకున్నారు.

1971లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఈ కథ రాశాడు. వస్తువు ఎవరికి కావాలి? దేనితో చేయాలి? పాడైతే బాగుచేయవచ్చునా? చివరకు ఏమవుతుంది? బొమ్మ గీయకముందే విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్నలివి.

ఈసారి డబ్బా పారేసేముందు మీరూ వేసుకుని చూడండి!