మలుపులో తెలిసే పనితనం

రాజధానిలో పనితనాన్ని గురించిన ఉపన్యాసాలకు కొదవ లేదు. కాని పనితనం ఎక్కడ బయటపడుతుందో నాకు తెలిసింది కరోల్‌బాగ్‌లో, ఒక తోలు సంచి మూల దగ్గర.

కొని ఏడాది తిరగకముందే నా సంచి మూత మూల దగ్గర కుట్టు విడిపోయింది. అజ్మల్‌ఖాన్ రోడ్డు జనసమ్మర్దాన్ని దాటి రైగర్‌పురా సందులలో ప్రవేశించాను. రాజస్థాన్ నుంచి వచ్చి స్థిరపడిన రైగర్ల పేరు మీద వెలసిన పేట అది. తోలుపని వారి పరంపరాగత వృత్తి. ఒక వృద్ధ పనివాడు సంచిని అందుకుని, నిడుపాటి కుట్టును చూడనైనా చూడకుండా, మూల మీద బొటనవేలు నడిపి యంత్రపు కుట్టు అని తేల్చివేశాడు.

యంత్రం పైనొక దారం, కిందనొక దారం తీసుకుని తోలు మధ్యలో ముడివేస్తుంది. ఒకటి తెగితే ఇరుగుపొరుగు కుట్లు కూడా వదులవుతాయి. చేతికుట్టులో మైనం పట్టించిన దారం ఒక్కటే. దాని రెండు కొసలకూ సూదులు. ప్రతి రంధ్రంలోనూ రెండు వైపుల నుంచీ సూదులు దూరతాయి. ఒక పోగు తెగినా రెండవది పట్టు విడవదు. ఎక్కువ రాపిడికి గురయ్యేది మూలే కనుక ఈ తేడా అక్కడే తేలుతుంది.

అతడు మూలకు కొత్త తోలు తొడగడానికి పూనుకున్నాడు. అంచును రాంపీతో కాగితమంత పలుచగా చెక్కాడు. వంపు వద్ద లోపలికి మడిచిన తోలు మిగిలిపోయి ముద్దకడుతుంది. దానిని చీర కుచ్చిళ్లవలె సన్నని మడతలుగా సర్ది, సుత్తితో అణచాడు. పిదప అంచుకు సమదూరంలో గీత గీశాడు.

అసలు పరీక్ష రంధ్రాలది. తిన్నని గీత మీద అనేక పళ్ల ఉలితో ఒక్క దెబ్బకు వరుస వేయవచ్చు. బిగువైన వంపు మీద రెండు పళ్లది మాత్రమే తిరుగుతుంది. ఒక పంటిని వెనుకటి గుర్తులో నిలిపితేనే దూరం చెదరదు. రంధ్రాలు మరీ దగ్గరైతే తపాలా బిళ్ల అంచువలె తోలు చినుగుతుంది. దూరమైతే వంపు కోణాలుగా విరిగినట్లు కనబడుతుంది. చివర సగం కుట్టు మిగిలితే ఆ తేడాను నాలుగైదు కుట్లకు పంచాలి. మన ‘ఆరె’ను ఇక్కడ ‘ఆర్’ అంటారు. దానిని పొడిచేటప్పుడు అతడి మణికట్టు కదలలేదు, తోలే తిరిగింది. ఆర్ ఏమాత్రం ఒరిగినా ముందు కుట్టు ముత్యాల పేరులా ఉండి, వెనుక కుట్టు దారి తప్పుతుంది.

గురుగ్రంథ సాహిబ్‌లో చేరిన ఒక పదంలో సంత్ రవిదాసు ఈ ఆర్‌నూ, రాంపీనీ పేర్కొన్నాడు. ఆ పనిముట్లకు అంతటి గౌరవం దక్కింది. వాటిని పట్టిన చేతికి దక్కవలసి ఉంది.

ఆ మూలకు పట్టిన కాలంలో మూత పొడవంతా రెండుసార్లు కుట్టవచ్చు. అయినా దుకాణదారులు వస్తువుకింత అని కూలి కడతారే గాని మూలలను లెక్కించరని అతడు చెప్పాడు. అతడి వద్ద పని నేర్చుకునే కుర్రవాడు ఇంకా తిన్నని గీతల మీదనే ఉన్నాడు. మలుపు నేర్చుకున్నా కూలి పెరగదని తెలిసినవాడు దానికై ఏళ్లు ఎందుకు వెచ్చిస్తాడు?

2023 సెప్టెంబరు 17న ఢిల్లీలో ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 వృత్తులలో చర్మకారులనూ చేర్చింది. పనిముట్లకు 15,000 రూపాయలు, తొలి విడత లక్ష వరకు 5 శాతం వడ్డీపై రుణం, శిక్షణ ఉన్నాయి. ఇవి మెచ్చదగినవే. కాని మూల విలువ కట్టే అధికారం ప్రభుత్వానిది కాదు, కొనుగోలుదారుది.

సంచి తిరిగి తీసుకున్నప్పుడు, అలవాటు కొద్దీ బేరమాడబోయిన నాలుక మూల చూసి ఆగిపోయింది. అడిగినంతా ఇచ్చాను. పాఠకులు ఈసారి తోలు వస్తువు కొనేటప్పుడు మెరుపు చూడడానికి ముందు మూలను తిప్పి చూడగలరు.