రొమ్ములో వేగంగా పెరిగే గడ్డ - ముక్క పరీక్ష తర్వాతే శస్త్రచికిత్స

రొమ్ములో ఏర్పడే గడ్డలలో అత్యధిక భాగం క్యాన్సర్ కావు. యువతులలో తరచుగా కనిపించే ఫైబ్రోఎడినోమా అటువంటిదే. అయితే చూపునకు దానిని పోలి ఉండి, చికిత్సలో మాత్రం వేరైన అరుదైన గడ్డ ఫిలోడిస్ ట్యూమర్. రొమ్ము కణితులన్నింటిలో దీని వాటా ఒక శాతం లోపే. కోసి చూసినపుడు ఆకుల మాదిరి పొరలు కనిపించుటచే 1838లో జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ దీనికి గ్రీకు మూలం నుండి ఈ పేరు పెట్టారు. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ స్వభావం లేనివే.

సాధారణంగా 40 ఏళ్ల ప్రాయంలో వచ్చే ఈ గడ్డకు నొప్పి ఉండదు. కొద్ది నెలలలోనే బాగా పెరగడం దీని ముఖ్య లక్షణం. నొప్పి లేని గడ్డను ఎవరైనా వాయిదా వేస్తారు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుండి సుగ్గికి వలస వెళ్లే కుటుంబాలలో ఆ వాయిదా నెలల తరబడి సాగే అవకాశమున్నది.

వైద్యుని పరీక్ష, అల్ట్రాసౌండ్ లేదా మామోగ్రామ్, ఆపై ముక్క పరీక్ష - ఈ మూడూ కలిస్తేనే నిర్ధారణ. సన్నని సూది పరీక్షలో ఫైబ్రోఎడినోమాకు, ఫిలోడిస్‌కు గల తేడా తరచు తెలియదు. కాస్త లావు సూదితో చిన్న ముక్క తీసే కోర్ బయాప్సీ మేలైనది. అది కూడా ఒక్కొక్కసారి తేల్చలేదు. అప్పుడు గడ్డను మొత్తంగా తీసి పాథాలజీ విభాగానికి పంపవలసి ఉంటుంది.

ఈ తేడాకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఫైబ్రోఎడినోమాను తీయవలసి వచ్చినా గడ్డ వరకు ఒలిచి తీస్తే చాలును. చాలామందికి ఆ అవసరమూ రాదు. ఫిలోడిస్‌ను అలా ఒలిచితే అదే చోట తిరిగి రావచ్చు. కనుక చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణజాలంతో సహా, అంచులలో గడ్డ మిగలకుండా తొలగించాలి. క్యాన్సర్ స్వభావం లేని రకానికి చంక గ్రంథుల తొలగింపు గాని, కీమోథెరపీ గాని అవసరం లేదు. గడ్డ మరీ పెద్దదైతే తప్ప రొమ్మును పూర్తిగా తీయవలసిన పని ఉండదు.

కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన వైద్యశాల ఆదోనికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం.లు గడ్డ పెరుగుదలను గమనించిన వెంటనే రోగిని వైద్యాధికారి వద్దకు పంపడం అవసరం. శస్త్రచికిత్స అనంతరం తొలి రెండు, మూడు సంవత్సరాలు క్రమం తప్పని పరీక్షలు ముఖ్యం. సుగ్గికి వెళ్లేవారు బయాప్సీ రిపోర్టును వెంట ఉంచుకొంటే, అక్కడి వైద్యుడు మరల మొదటి నుండి వెదకనవసరం లేదు.