మీకు తెలుసా? దేశాలను కలిపిన పాటల పోటీ

యూరప్ దేశాల మధ్య జరిగే యూరోవిజన్ పాటల పోటీ 1956 మే 24న స్విట్జర్లాండ్‌లోని లుగానో పట్టణంలో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి పదకొండేళ్లే. యుద్ధంలో తలపడిన దేశాలే ఒకే వేదిక మీద పాటతో పోటీపడ్డాయి.

● తొలి పోటీలో ఏడు దేశాలు తలా రెండు పాటలు పాడాయి. ఆతిథ్య దేశపు గాయని లీస్ ఆసియా గెలిచారు. ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో నేటికీ వెల్లడించలేదు.

● 1957లో ఇటలీ పాట అయిదు నిమిషాలు దాటింది. బ్రిటన్ పాట రెండు నిమిషాలైనా లేదు! ఆ తర్వాత మూడు నిమిషాల హద్దును కచ్చితంగా పాటించడం మొదలైంది.

● 1969, మాడ్రిడ్. ఓట్ల లెక్కింపు ముగిసేసరికి స్పెయిన్, బ్రిటన్, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ నాలుగూ సరిగ్గా 18 పాయింట్లతో నిలిచాయి. సమానమైతే ఏం చేయాలో నియమాల్లో లేదు. దాంతో నాలుగు దేశాలనూ విజేతలుగా ప్రకటించారు.

● 1974లో ‘వాటర్లూ’ పాటతో గెలిచిన స్వీడన్ బృందం అబ్బా ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది.

● గాయకులు ఆ దేశస్థులే కావాలన్న నియమం లేదు. కెనడాలో పుట్టిన సెలిన్ డియాన్ 1988లో స్విట్జర్లాండ్ తరఫున పాడి, ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచారు.

● యూరప్‌లో లేని ఆస్ట్రేలియా కూడా 2015లో పోటీకి దిగింది.

● 2022లో ఉక్రెయిన్ గెలిచింది కాబట్టి తర్వాతి పోటీ అక్కడే జరగాలి. కానీ అక్కడ యుద్ధం సాగుతుండటంతో, ఆ దేశం తరఫున 2023 పోటీని బ్రిటన్‌లోని లివర్‌పూల్ నగరం నిర్వహించింది. ఇరుగుపొరుగును దగ్గర చేయడానికి పుట్టిన పోటీకి అంతకన్నా గొప్ప సార్థకత లేదు.